మూడేళ్ల రాజధానిలో ఒక రోజు: కర్నూలు

వీక్షకులందరికీ నమస్కారం. కర్నూలును ఒక్క రోజులో చూసి రావచ్చా అని చాలామంది అడుగుతున్నందువల్ల, పొద్దున ఏడు గంటల నుంచి చీకటి పడేదాకా నేను తిరిగిన చోట్లను ఈ వీడియోలో చూపిస్తూ, ఎక్కడ ఎంతసేపు నిలబడవచ్చో నా అభిప్రాయం చెబుతాను.

ముందుగా ఉగ్గాని తినండి. నీళ్లలో తడిపి గట్టిగా పిండిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరగమోతలో కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. బొరుగులు మెత్తబడ్డా ముద్ద కట్టకుండా, గింజ గింజ విడిగా ఉంటేనే అది మంచి ఉగ్గాని.

కొండారెడ్డి బురుజుకు ఎండ ముదరక ముందే వెళ్లండి. పది దాటితే రాతిమీద చెయ్యి పెట్టలేరు. విజయనగర కాలపు కోటలో ఇప్పటికీ నిటారుగా నిలిచిన భాగమిది. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారని, కింద సొరంగం ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు. పైకెక్కితే నాలుగు వైపులా పాతబస్తీ మిద్దెలు కనిపిస్తాయి. ఇక్కడ గంటసేపు గడపవచ్చు.

అయితే నేను కర్నూలు వచ్చింది కోట కోసం మాత్రమే కాదు. పొట్టి శ్రీరాములు ఆత్మత్యాగం తరువాత, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రాన్ని నెహ్రూ ప్రారంభించింది ఈ ఊళ్లోనే; టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిందీ అప్పుడే. రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమలో ఉండాలని కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నందువల్ల రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. కట్టడాలు చాలక కొన్ని కార్యాలయాలను గుడారాల్లో నడిపారు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోవడంతో మూడేళ్ల ఒక నెల ముచ్చట ముగిసింది. ఇంత పెద్ద సంగతికి గుర్తుగా, నేను తిరిగిన దారిలో ఒక్క చిన్న ఫలకమైనా నా కంటపడలేదు. ఆ గుడారాలు ఎక్కడ వేశారో, ప్రకాశం పంతులు ఏ దారిన వచ్చి సభలో కూర్చున్నారో చెప్పే పటం ఒకటి బురుజు దగ్గర పెడితే, ఇక్కడికి వచ్చే పిల్లలకు తమ రాష్ట్రం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే బయలుదేరే ముందు ఆ రోజుల గురించి వాళ్లను అడిగి రండి. నాకు ఆ కాలాన్ని కళ్లకు కట్టింది బురుజు నీడన కూర్చున్న ఒక తాత.

మధ్యాహ్నం గోల్ గుమ్మజ్ చూడండి. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇది. హంద్రీ నది ఒడ్డున ఉంది. తోరణాల వరండాలో నడుస్తుంటే బయటి ఎండ, బండ్ల మోత రెండూ తగ్గిపోతాయి. జనం తక్కువ. నా మటుకు నాకు బురుజు కంటే ఇదే నచ్చింది.

హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే వైపు కూడా కాసేపు నిలబడండి. వేసవిలో ఇసుక, బండలు తేలి కనిపించే ఈ నదులే 2009 అక్టోబరులో పాతబస్తీని ముంచెత్తాయి.

సాయంకాలానికి జగన్నాథగట్టు చేరండి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టిన రూపాల సంగమేశ్వరాలయం ఈ గట్టు మీదే ఉంది. గట్టు మీదికి ఆటో మాట్లాడుకునేటప్పుడు తిరుగు ప్రయాణానికి కూడా కలిపి బేరం కుదుర్చుకోండి. చీకటి పడ్డాక పైన బండి దొరకడం కష్టం.