స్క్రూడ్రైవర్ ముట్టకుండానే కెమెరాకి థింగినో

అందరికీ నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల మన కొండలు. కోతులొచ్చేది అటు నుంచే. పోయిన నెల అమ్మ ఎండబెట్టిన వడియాలు చాటతో సహా మాయం. దొంగని పట్టుకుందామని ఒక కెమెరా కొని పెడితే, నెట్ పోయినప్పుడల్లా దాని యాప్ తెరుచుకోదు. మిద్దె మీది వీడియో మెట్ల కింద ఉన్న నాకు కనపడాలంటే ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలట! తీసి అటక మీద పడేశా.

ఇదిగో, ఇది వేరే కెమెరా, వైజ్ క్యామ్ వి3. అమెరికా నుంచి వస్తూ మా బావ తెచ్చాడు. లోపల ఇంజెనిక్ కంపెనీ టీ31 చిప్, సాఫ్ట్‌వేర్ దాచుకునే ఫ్లాష్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీ. ఇంజెనిక్ చిప్పుల కోసమే థింగినో అని ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఉంది, అంటే కెమెరాని లోపల నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. కంపెనీది తీసి ఇది ఎక్కిస్తే ఆ సర్వర్ గొడవ ఉండదు. మామూలుగా ఈ పనికి కెమెరా విప్పి, ఫ్లాష్ చిప్‌కి క్లిప్ తగిలించి ప్రోగ్రామర్‌తో ఎక్కించాలి. దీనికి ఆ బాధ లేదు. బటన్ నొక్కి ఉంచి ఆన్ చేస్తే, మెమరీ కార్డులో ఫలానా పేరున్న ఫైల్ ఉందా అని అదే వెతుక్కుంటుంది. కంపెనీ తన ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి పెట్టుకున్న దారే, మనమూ అందులోనే దూరుతున్నాం.

మొదటిసారి నేను 64 జీబీ కార్డు పెట్టా. అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. 32 జీబీ కార్డుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాక దారికొచ్చింది.

ఇక్కడ దగ్గరగా చూడండి. అడుగున సెటప్ బటన్. దీన్ని బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, "స్విచ్ వెయ్యమ్మా" అన్నా. లైట్ ఊదారంగుకి మారింది... ఇప్పుడు వదిలెయ్యాలి. ఆ తర్వాత కాసేపు వైర్ జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు పోతే కెమెరా చచ్చినట్టే. నేనైతే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టా.

అసలు టెన్షన్ వేరే ఉంది. బయట డబ్బా ఒకటే అయినా లోపల వైఫై చిప్ అన్నిట్లో ఒకటే ఉండదు, దేని ఫైల్ దానికే. తప్పుది ఎక్కిస్తే కెమెరా ఆన్ అవుతుంది, వైఫై మాత్రం రాదు. ఫైల్ దించుకునే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

అన్నీ కుదిరితే ఫోన్ వైఫై లిస్టులో థింగినో పేరు కనిపిస్తుంది. కనెక్ట్ అయి మన ఇంటి వైఫై వివరాలు ఇస్తే చాలు. ఆ తర్వాత బ్రౌజర్‌లోనే సెట్టింగులన్నీ. ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్, అంటే కెమెరా పంపే లైవ్ వీడియో, వీఎల్‌సీ ప్లేయర్‌లో నేరుగా వస్తోంది, నెట్ లేకపోయినా సరే. కదలిక ఉంటే టెలిగ్రామ్‌కి ఫొటో పంపేలా పెట్టుకోవచ్చు, దానికి మాత్రం నెట్ కావాలి. ముందే వచ్చే పాస్‌వర్డ్ మాత్రం వెంటనే మార్చండి.

అందరికీ పెట్టుకోమని చెప్పను. దీనికంటూ మొబైల్ యాప్ లేదు, బయట నుంచి చూడాలంటే ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేరే వీపీఎన్ పెట్టుకోవాలి. మా నాన్నకి ఇవ్వను, రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తాడు. వారంటీ మీద ఆశ కూడా వదులుకోవాల్సిందే.

ఇదిగో, ఈ పొద్దున వచ్చిన ఫొటో. ఉత్త చాటే పెట్టాం. అయినా కోతి వచ్చి, దాన్ని తిరగేసి చూసి, కెమెరా వైపు పళ్లికిలించి పోయింది.