ముద్ద నోటికి అందాలి

పని ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు, పసిబిడ్డలను ఎత్తుకుని వచ్చిన తల్లిదండ్రులకు, విశాఖపట్నం పౌరులకు నమస్కారం.

ఈ ఊళ్ళో ఎముకల వైద్యుడిగా చాలా ఏళ్ళుగా పిల్లల చేతులూ కాళ్ళూ చూస్తున్నాను. అతుక్కున్న వేళ్ళతోనో, లోపలికి తిరిగిన పాదంతోనో పుట్టిన బిడ్డను ఒడిలో పెట్టుకుని నా ఎదుట కూర్చున్న తల్లి సాధారణంగా వైద్యం గురించి తరువాత అడుగుతుంది. ముందు అడిగేది, "గ్రహణం నాడు కూరలు తరిగానండి, అందుకేనా?" అని. కొందరు తల్లులు అదీ అడగరు, పక్కనున్న అత్తగారే చెబుతుంది. పెదవి చీలి పుట్టడానికి మన భాషలో పేరే గ్రహణం మొర్రి కాబట్టి, ఆ నమ్మకం ఎంత లోతుకు దిగిందో వేరే చెప్పనక్కరలేదు. అందుకని నేనూ ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

గర్భం నిలిచిన సుమారు 26వ రోజున పిండం పక్కన చేతుల మొలకలు కనబడతాయి, ఒకటి రెండు రోజుల తేడాతో కాళ్ళ మొలకలు వస్తాయి. అప్పటికి పిండం బియ్యపు గింజంత కూడా ఉండదు. మొలక చివర తెడ్డులా వెడల్పవుతుంది, అందులో వేళ్ళ గీతలు పడతాయి, ఆ గీతల మధ్యనున్న కణాలు తమంతట తాము నశించడంతో వేళ్ళు విడివడతాయి. ఎనిమిదో వారం ముగిసేసరికి, అంటే తల్లి లెక్కలో నెల తప్పిన ఆరు వారాలకు, చెయ్యి రూపు పూర్తిగా అమరిపోతుంది. ఆ తరువాత జరిగేదంతా పెరుగుదలే. వేళ్ళు అతుక్కోవడం, ఆరో వేలు రావడం, బొటనవేలు లేకపోవడం ఈ కొద్ది వారాల్లోనే తేలిపోతాయి. ఉమ్మనీటి సంచి పొర చిరిగి, ఆ పోగులు వేలికో కాలికో దారంలా చుట్టుకుని నొక్కులు పడటం, కొన్నిసార్లు వేలి కొన తెగిపోవడం మాత్రం తరువాత కూడా జరగవచ్చు. అది కూడా తల్లి ఏదో చేసినందువల్ల జరిగేది కాదు.

కాబట్టి అయిదో నెలలో వచ్చిన గ్రహణానికి, అప్పటికే విడివడిన వేళ్ళను మళ్ళీ అతికించే దారి లేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం దేశమంతటా కనిపించింది. ఆ రాత్రి తలుపులు వేసుకుని కదలకుండా పడుకున్న గర్భిణులూ ఉన్నారు, నైట్ డ్యూటీ చేసిన గర్భిణి నర్సులూ ఉన్నారు. అందరికీ గ్రహణం ఒక్కటే. తల్లి చేతిలోని కత్తికీ బిడ్డ చేతిలోని వేలికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట తల్లికి చెవిలో చెబితే సరిపోదు; భర్తా, అత్తమామలూ గదిలో ఉండగా చెప్పాలి, ఎందుకంటే ఆ నింద వేసేది వాళ్ళు, మోసేది ఆమె.

మరి ఆ తొలి వారాల్లో నిజంగా హాని చేసేవి ఏవి? ఈ పాఠం లోకం చాలా నష్టపోయి నేర్చుకుంది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. నిరపాయకరమన్న ప్రచారాన్ని నమ్మి, అనేక దేశాల్లో గర్భిణులు వేవిళ్ళకు కూడా దాన్ని వాడారు. 1961 నవంబరులో జర్మనీ మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. చేతులు కురచగానో, భుజానికి నేరుగా అరచెయ్యి అతికినట్టుగానో పుట్టిన పిల్లల సంఖ్య వివిధ దేశాల్లో కలిపి పదివేలు దాటింది. గర్భం నిలిచిన 20వ రోజుకూ 36వ రోజుకూ మధ్య వేసుకున్న మాత్రే హాని చేసింది. అదే మందు ఇవాళ మన దేశంలో కుష్ఠు రోగంలో వచ్చే ఒక తీవ్రమైన ప్రతిచర్యకూ, ఎముక మజ్జ క్యాన్సర్‌కూ వాడుతున్నారు కాబట్టి, ఆ మాత్రలు ఉన్న ఇంట్లో ఎంతో జాగ్రత్త అవసరం.

నాకు అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగించేది మరొకటి ఉంది. గర్భం పోవడానికని వైద్యుల పర్యవేక్షణ లేకుండా మందుల షాపులో మాత్రలు కొని వేసుకోవడం, అవి పనిచేయకపోతే గర్భాన్ని అలాగే కొనసాగించడం. అందులో వాడే మిసోప్రోస్టాల్ వల్ల కాళ్ళూ చేతుల లోపాలు రావడాన్ని బ్రెజిల్‌లో వైద్యులు విస్తారంగా నమోదు చేశారు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్న స్త్రీలు తామంతట తాము మాత్ర ఆపకూడదు. బిడ్డను కనాలనుకున్నప్పుడే వైద్యులతో మాట్లాడి మందు మార్చుకోవాలి. మన వైపు మేనరికాలు ఎక్కువ కనుక ఒక మాట: కొన్ని జన్యు వ్యాధులు మేనరికపు సంతానంలో ఎక్కువగా బయటపడతాయన్నది నిజమే, అయితే అది తరువాతి కాన్పుకు ముందు జన్యు వైద్యులతో మాట్లాడవలసిన విషయం, పుట్టిన బిడ్డ ముందు పోట్లాడుకోవలసిన విషయం కాదు. చాలామంది పిల్లల్లో అసలు ఏ కారణమూ తేలదు.

ఆరో వేలు అదృష్టమని ఉంచేసేవారున్నారు, దారంతో బిగించి కట్టేసేవారూ ఉన్నారు. కట్టిన దారం వల్ల పుండుపడవచ్చు, లేదా ముట్టుకుంటే నొప్పి పుట్టే చిన్న బుడిపె మిగిలిపోవచ్చు. బొటనవేలి పక్కన మరో బొటనవేలు ఉంటే అసలే కట్టకూడదు. అవి రెండూ ఒకే కీలును, ఒకే ఎముకను పంచుకుని ఉంటాయి కనుక, ఒకదాన్ని తీసేసి ఊరుకుంటే మిగిలినది వంకరగా, బలం లేకుండా తయారవుతుంది.

అతుక్కున్న వేళ్ళ విషయంలో, మధ్యలో కోసేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. రెండు కాళ్ళకూ కలిపి కుట్టిన ఒకే సంచిని విప్పి రెండు గొట్టాలు కుట్టాలంటే గుడ్డ చాలదు కదా, వేళ్ళను విడదీసినప్పుడు చర్మమూ అలాగే చాలదు. అందుకే గీతను వంకరటింకరగా కోసి, తక్కువ పడినచోట గజ్జ దగ్గరనుంచి చర్మం తెచ్చి వేస్తాం. మధ్యవేలూ ఉంగరపు వేలూ కలిసి ఉంటే ఏడాది, ఏడాదిన్నర వరకు ఆగవచ్చు. బొటనవేలూ చూపుడువేలూ, లేదా ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిసి ఉంటే ఆగకూడదు, పొట్టివేలు పొడుగువేలిని లాగి వంచేస్తుంది కాబట్టి ఆరు నెలల వయసుకే ఆలోచించాలి.

ఇక వంకర పాదం. సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డలో కనిపించే ఈ లోపం గురించి మాట్లాడేటప్పుడు నాకు సంతోషమూ బాధా రెండూ కలుగుతాయి. నేను చదువుకునే రోజుల్లో దీనికి పెద్ద ఆపరేషన్ చేసేవాళ్ళం. పాదం తిన్నగా వచ్చేది, పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పిపెట్టేది. అమెరికాలోని అయోవాలో ఇగ్నాషియో పొన్సెటి అనే వైద్యుడు 1940ల చివర్లోనే మెత్తగా సవరిస్తూ వారం వారం పిండికట్టు మార్చే పద్ధతిని రూపొందించినా, లోకం దాన్ని ఒప్పుకోవడానికి దాదాపు అయిదు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు పుట్టిన వారం పదిరోజులకే మొదలుపెట్టి, అయిదారు కట్లతో పాదాన్ని తిప్పి, చాలామందిలో మడమ వెనక నరం అని మనవాళ్ళు పిలిచే స్నాయువుకు చిన్న గాటు పెట్టి, మూడు వారాలు చివరి కట్టు ఉంచుతాం.

అసలు కష్టం అక్కడినుంచి మొదలవుతుంది. మధ్యలో కడ్డీ ఉన్న బూట్లను మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు, ఆ తరువాత నాలుగైదేళ్ళ వయసు దాకా నిద్రవేళల్లో వేయాలి. పాదం మళ్ళీ వంకర తిరగడానికి ప్రధాన కారణం ఆ బూట్లు మానేయడమే. పాడేరు ఘాట్ దిగి బస్సులో వచ్చే గిరిజన తల్లి ఒక వారం రాలేదంటే అది ఆమె నిర్లక్ష్యం కాదు, ఆ వారం కూలీ పోయి ఉంటుంది, లేదా బస్సు దొరికి ఉండదు. రాలేదని కోప్పడేకంటే, ఇంటి దగ్గర ఏం చూసుకోవాలో నేర్పి పంపడం మేలు. కట్టు బయట కనిపించే కాలివేళ్ళను నొక్కితే తెల్లబడి వెంటనే మళ్ళీ ఎర్రబడాలి. అవి నీలంగా మారినా, కట్టులోపలికి జారి కనబడకపోయినా ఆరోజే ఆసుపత్రికి రావాలి.

చేతి పనిలో సుమారు 40 శాతం బొటనవేలిదేనని వైద్యుల అంచనా. అది లేకుండా పుట్టిన బిడ్డకు చూపుడువేలిని రక్తనాళాలతో, నరాలతో సహా జరిపి, కురచచేసి, తిప్పి బొటనవేలి స్థానంలో నిలుపుతాం. జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన సర్జన్ బుక్-గ్రామ్‌కో థాలిడోమైడ్ పిల్లలకు ఈ ఆపరేషన్ చేస్తూ దానికి మెరుగులు దిద్ది 1971లో ప్రచురించారు. నేను ఆ ఆపరేషన్ చేసిన ఒక పాప కొన్ని నెలల తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, వాళ్ళ నాన్న బీచ్‌లో కొన్న మూరీ మిక్చర్ పొట్లం ఆమె చేతిలో ఉంది. కొత్త బొటనవేలితో ఒక్కొక్క మూరీ గింజను పట్టి తీసి నాకు పెట్టింది. వేలు కొంచెం సన్నగా, కొంచెం పొడుగ్గా ఉంది. ఆ పాప దాన్ని గమనించినట్టే లేదు.

అయితే ప్రతి వంకరనూ తిన్నగా చేయడమే వైద్యం కాదని నాకు నేర్పింది విజయనగరం వైపునుంచి వచ్చిన ఒక మామ్మగారు. ఆమె మనవడికి ముంజేతి లోపలి రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది లేదు, మణికట్టు పూర్తిగా లోపలికి వాలిపోయింది. ఇలాంటి బిడ్డకు ముందుగా గుండె, మూత్రపిండాలు, రక్తకణాల పరీక్షలు చేయించాలి, ఎందుకంటే ఫాంకోని రక్తహీనత వంటి ప్రమాదకరమైన వ్యాధి కొందరిలో చేతిరూపంలోనే ముందుగా కనబడుతుంది. అవన్నీ చూశాను, బాగున్నాయి. మణికట్టు తిన్నగా చేసే ఆపరేషన్ ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించాను. ఆమె అంతా విని, "సెయ్యి తిన్నగయితే ముద్ద నోట్లోకి ఎల్తాదా బాబూ?" అని అడిగింది. అప్పుడు మోచెయ్యి మళ్ళీ వంచి చూశాను. అది బిగుసుకుని ఉంది, వంగదు. ఆ వాలిన మణికట్టే ఆ బిడ్డ చేతిని నోటిదాకా తీసుకువెళ్తోంది. తిన్నగా చేసి ఉంటే చూడటానికి బాగుండేది, అన్నం మాత్రం ఎవరో తినిపించాల్సి వచ్చేది. ఆ ఆపరేషన్ చేయలేదు.

కృత్రిమ చేతుల విషయమూ ఇంతే. థాలిడోమైడ్ పిల్లలకు బరువైన యంత్రపు చేతులు తొడిగిస్తే, చాలామంది వాటిని విప్పేసి తమ కాళ్ళతోనే పనులు చేసుకున్నారు. రెండు చేతులూ లేకుండా పుట్టిన జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వాడ్ జిల్లా అమ్మాయి శీతల్ దేవి, కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మిశ్రమ జట్టు కాంస్యం గెలిచింది. పిల్ల కాలితో చెంచా పట్టుకుంటే కాలు కిందపెట్టమని కసరకండి.

చివరిగా ఆశా కార్యకర్తలతో ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పేరుపెట్టి చెప్పిన తొమ్మిది పుట్టుకలోపాల్లో వంకర పాదం ఉంది, తుంటి కీలు లోపం ఉంది, చేతివేళ్ళ లోపాలు మాత్రం ఆ జాబితాలో లేవు. కాగితంలో గడి లేదని బిడ్డను వదిలేయకండి. కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో మీరు ఇంటికి వెళ్తారు. బారసాలకు వచ్చినవాళ్ళు చూస్తారేమోనని బిడ్డ చేతికి మేజోడు తొడిగి ఉంచే ఇళ్ళు నేను చాలా చూశాను. మీరు ఏడో రోజు వెళ్ళినప్పుడే, తల్లిని అడిగి, ఆ మేజోడు విప్పండి. వేళ్ళు లెక్కపెట్టండి. మోచెయ్యి వంచి చూడండి. పాదాన్ని మెల్లగా సవరించండి. తేలిగ్గా తిన్నగా వస్తే కడుపులో ఇరుకుగా పడుకున్నందువల్ల వచ్చిన వంపు కావచ్చు, ఎంత సవరించినా రాకపోతే ఆ వారంలోనే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), దగ్గర్లోని ఎముకల వైద్యుల దగ్గరికో పంపండి. చేతిలో తేడా కనిపిస్తే బిడ్డకు మూడు నెలలు నిండకముందే ఒకసారి చూపించమనండి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ సంగతి తరువాత చూసుకోవచ్చు.