‘ఒక్కడు’ మథురకు పోతే ఏమైంది?

[షాట్: బస్సు కిటికీలోంచి బీచుపల్లి వంతెన, కింద కృష్ణ]

నమస్తే! మహబూబ్‌నగర్‌లో కర్నూలు బస్సెక్కితే బీచుపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. వెనక సీట్లో అవ్వ కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ల తీసి నీళ్లలోకి విసిరి, దండం పెట్టుకుంటుంది. ఇంకో గంటకి కర్నూలు, కొండారెడ్డి బురుజు.

గుణశేఖర్ తీసిన ‘ఒక్కడు’ ఈ రోడ్డు మీద కథే. 2003 సంక్రాంతికి వచ్చింది. దీన్నే తర్వాత హిందీలో ఆగ్రా, మథురలకు మార్చి ‘తేవర్’గా తీశారు. అక్కడ ఏం తేడా కొట్టిందో చూద్దాం. కబడ్డీ ఆడటానికి కర్నూలు వెళ్లిన హైదరాబాద్ కుర్రాడు, అక్కడి విలన్ ఓబుల్ రెడ్డి (ప్రకాశ్ రాజ్) బారి నుంచి ఒక అమ్మాయిని తప్పించి తన ఇంట్లోనే దాస్తాడు. జడ్చర్ల మీదుగానే పోయి ఉంటారని మా ఫ్రెండ్స్‌కి ఇప్పటికీ గర్వం!

[స్క్రీన్ మీద: చెన్నై – మదురై]

2004లో ధరణి దీన్నే తమిళంలో ‘గిల్లి’గా తీశాడు. విజయ్, త్రిష. విలన్‌గా మళ్లీ ప్రకాశ్ రాజే, కాకపోతే ఈసారి పక్కా మదురై మనిషి. అమ్మాయిని లైట్‌హౌస్‌లో దాచే సీన్లు కలిపారు. కథనంలో వేగాన్ని క్రిటిక్స్ మెచ్చుకున్నారు. 2024లో మళ్లీ రిలీజ్ చేస్తే థియేటర్లలో జాతరే.

[స్క్రీన్ మీద: ఆగ్రా – మథుర]

ఇక 2015 జనవరిలో హిందీ రీమేక్ ‘తేవర్’. అమిత్ శర్మకి మొదటి సినిమా. అర్జున్ కపూర్, సోనాక్షి సిన్హా. చాలామంది క్రిటిక్స్ పెదవి విరిచారు. అరిగిపోయిన ఫార్ములా అన్నారు, రెండున్నర గంటలు దాటిన నిడివి భారమన్నారు. మెచ్చుకున్నది ఎక్కువగా విలన్ మనోజ్ బాజ్‌పాయ్‌నే. సినిమా నచ్చనివాళ్లు కూడా ఆయన్ని వదల్లేదు.

నాకైతే తేడా కొట్టింది దూరం దగ్గర. హైదరాబాద్ నుంచి కర్నూలు 200 కిలోమీటర్ల పైనే. నది దాటితే యాస మారుతుంది, పెత్తనం మారుతుంది. అక్కడి పెద్దమనిషి ఇక్కడికొస్తే కొత్తవాడే. అందుకే చార్మినార్ సందుల్లో ఒక అమ్మాయిని దాచొచ్చంటే నమ్మేస్తాం. ఆగ్రా, మథుర మధ్య అరవై కిలోమీటర్లే, ఇంచుమించు మనం మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ పోయినట్టు. పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అంత దగ్గర్లో, హోం మంత్రి తమ్ముడైన విలన్ నుంచి ఎన్నాళ్లు దాక్కుంటారు? టెన్షన్ సగం అక్కడే పోయింది. ఇది క్రిటిక్స్ మాట కాదు, రోజూ ఈ బస్సెక్కే నా మాట.

2006లో పునీత్ రాజ్‌కుమార్‌తో కన్నడలో వచ్చిన ‘అజయ్’ కూడా ఈ కథే. అది వచ్చే వీడియోలో.