28వ రోజు తరువాత

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ వాడిన విశేషణాలలో సగం నాకు చెందవు కనుక, వాటికి జవాబు చెప్పుకుంటూ కూర్చోకుండా నేరుగా విషయానికి వస్తాను.

మానవ కార్యకలాపాల వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నది. బట్టీలో ఇంధనం మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గాని, అందులో సగానికి పైగా, సున్నపురాయి వేడికి విడిపోయేటప్పుడు ఆ రాతి నుంచే వెలువడుతుంది. రాయిని కాల్చకుండా రాయిని తయారుచేసే జీవులపై నిర్మాణరంగానికి ఆసక్తి కలగడానికి కారణం ఇదే. స్పోరోసార్సినా పాశ్చురీ అనే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి, ఇసుక రేణువుల నడుమ క్యాల్షియం కార్బనేటు ఏర్పడేలా చేసి, బట్టీ అవసరం లేకుండానే ఇటుకను గట్టిపరుస్తుంది. ఆ క్రమంలో పుట్టే అమ్మోనియాను ఏం చేయాలన్నది దానితోపాటే వచ్చే తలనొప్పి. 2014లో న్యూయార్కులో, పంట వ్యర్థాలపై శిలీంధ్రాన్ని పెంచి చేసిన సుమారు 10,000 ఇటుకలతో ఒక గోపురం కట్టి, వేసవి గడిచాక దాన్ని విప్పి ఎరువు చేశారు. వేడిని, శబ్దాన్ని ఆపడానికి ఆ ఇటుక మంచిదే గాని, దానిపై బహుళ అంతస్తుల భారం మోపవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇలా ఒక్కొక్కటే వివరించాలని కాగితం రాసుకుని వచ్చాను. కాని ఈ సభలో నేను చెప్పి తీరవలసిన మాట వేరే ఉన్నది కనుక ఆ కాగితాన్ని పక్కన పెడుతున్నాను.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, కాంక్రీటులోని తీవ్రమైన క్షారతను తట్టుకునే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను ఎంచుకుని, వాటి స్పోర్లను (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలను), వాటికి ఆహారమైన క్యాల్షియం లాక్టేటును సచ్ఛిద్రమైన మట్టి గుళికలలో నింపి కాంక్రీటులో కలిపారు. ఏళ్ల తరబడి నిద్రలో ఉండే ఆ స్పోర్లు, పగులు గుండా నీరు, ఆక్సిజన్ చేరగానే మేల్కొని, లాక్టేటును తిని, పగులు అంచుల వెంబడి తెల్లని సున్నపురాతి స్ఫటికాలను పేరుస్తూ దాన్ని మూసివేస్తాయి. ఇనుప కడ్డీని తుప్పు పట్టించే ఆక్సిజన్‌ను కూడా అవి దారిలోనే ఖర్చు చేయడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

అయితే ఆ గుళికలు కంకరకన్నా మెత్తనివి. వాటిని ఎక్కువ మోతాదులో కలిపితే కాంక్రీటు బలం తగ్గుతుంది. ఇలాంటి మిశ్రమాన్ని ఒక నీటి తొట్టి గోడకు వాడి చూద్దామని నేను ఒక సంస్థ ముందు ప్రతిపాదించినప్పుడు, అక్కడి పెద్దలు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: “28 రోజుల స్ట్రెంత్ ఎంత?” అంటే, పోతపోసిన 28వ రోజున కాంక్రీటు క్యూబును, అనగా ఘనాకారపు దిమ్మను, యంత్రంలో నలిపితే అది ఎంత ఒత్తిడికి నలుగుతుంది అని. సంఖ్య చెప్పాను, ఫైలు మూసేశారు. ఆ గోడకు కావలసిన బలం ఆ మిశ్రమానికి ఉన్నదా అని అడగలేదు. అది పగిలితే ఏమవుతుందనీ అడగలేదు. నీటి తొట్టిని దెబ్బతీసేది ఎక్కువగా బలహీనత కాదు, చెమ్మ. 28వ రోజున నలిగిపోయే క్యూబుకు పదో ఏట వచ్చే పగులు గురించి ఏం తెలుస్తుంది?

విద్యార్థులారా, మీలో ప్రయోగశాలలో క్యూబులు నలగగొట్టినవారు ఒకసారి చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. పగిలిన నమూనాను పారవేయకుండా నీటిలో ఉంచి, మళ్లీ చూసినవారు ఎందరు? చూశారా, నా ఫిర్యాదు ఆ సంస్థ ఒక్కదాని మీదే కాదు. క్యూబు పరీక్షను తీసివేయమని నేను అనడం లేదు. బరువు మోసే చోట అది ఉండవలసిందే. పగులును తనంతట తాను పూడ్చుకునే పదార్థానికి, పగిలిన తరువాత జరిపే పరీక్ష కూడా ఉండాలి అంటున్నాను.

కనుక ఈ ఏడాది ప్రాజెక్టులో క్యూబులతోపాటు కడ్డీ వేసిన చిన్న దూలాలు కొన్ని పోతపోయండి. వాటిని వంచి సన్నని పగులు తెప్పించి, సూక్ష్మదర్శినితో వెడల్పు కొలిచి, నీటిలో ఉంచి, కొన్ని వారాలకు మళ్లీ కొలవండి. ఆ పగులు గుండా కారే నీటిని కూడా కొలవండి. బ్యాక్టీరియా లేని దూలాలను కూడా పక్కనే ఉంచడం మరవకండి, ఎందుకంటే మామూలు కాంక్రీటు సైతం వెంట్రుకంత పగుళ్లను కొంతవరకు తానే పూడ్చుకుంటుంది. అలా తానే పూడ్చుకున్నది తీసివేయగా మిగిలినదే బ్యాక్టీరియా చేసిన పని, ఆ అంకెను నివేదికలో 28 రోజుల బలం పక్క గడిలోనే వేయండి.