మూడు స్వరాల భయం: ‘బ్లాక్ సబ్బాత్’ పాట పుట్టుక

సభకు నమస్కారం. గిటార్ల హోరుతో బరువుగా మోగే రాక్ సంగీతం, హెవీ మెటల్‌కు తొలి పాట ఏదన్న చర్చ వచ్చినప్పుడల్లా ఎక్కువమంది చెప్పే పేరు ‘బ్లాక్ సబ్బాత్’. 1970 ఫిబ్రవరి 13న వెలువడిన ఆ ఆల్బమ్‌కూ, అందులోని మొదటి పాటకూ, దాన్ని కట్టిన బృందానికీ ఒకటే పేరు. దీన్ని దెయ్యం కథగా చెప్పుకోవడం లోకానికి అలవాటైంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కార్మికవాడల కుర్రాళ్లు నలుగురి పనితనం అందులో మరుగున పడిపోతోందన్నదే నా బాధ.

దెయ్యం కథ కూడా ఉన్నదే. బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్ క్షుద్రవిద్యల పుస్తకాలు చదువుతున్న రోజుల్లో, ఒక రాత్రి తన మంచం చివర నల్లని ఆకారం నిలబడి కనిపించిందని చెప్పాడు. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ గొంతులో పలికే మొదటి ప్రశ్నకు, ‘నా ముందు నిలబడిన ఇదేమిటి?’ అన్నదానికి, మూలం అదే. పేరు మాత్రం బోరిస్ కార్లాఫ్ నటించిన 1963 నాటి భయానక చిత్రానిది.

అసలు భయం స్వరాల్లో ఉంది. ఇంగ్లీషు స్వరకర్త హోల్స్ట్ గ్రహాల మీద రాసిన ‘ది ప్లానెట్స్’లోని అంగారకుడి భాగమంటే బట్లర్‌కు ప్రాణం, అతను దాన్ని బేస్ మీద వాయిస్తూ ఉండగా విన్న బృందపు గిటారిస్టు టోనీ అయోమీ, ఆ ఛాయలోనే మూడు స్వరాల వరుస కట్టాడు. మన పరిభాషలో చెప్పాలంటే షడ్జం (స), తారషడ్జం (పై స్థాయి స), అక్కడి నుంచి దిగి ప్రతిమధ్యమం (హెచ్చు మ). కల్యాణి రాగానికి అంత శోభనిచ్చే ప్రతిమధ్యమమే ఇక్కడ గుండె జారేలా చేస్తుంది. కల్యాణిలో దానికి ముందూ వెనకా గాంధారం, పంచమం తోడుంటాయి. అయోమీ దాన్ని ఒంటరిగా, అతి విలంబంలో నిలబెట్టి, కంపింపజేసి, ఏ స్వరం మీదా విశ్రాంతి ఇవ్వకుండా మళ్లీ మొదటికే వెళతాడు. ఆరంభంలోని వానా, గంటా తర్వాత చేర్చినవే. అవి లేకున్నా ఈ పాట భయపెట్టగలదని నా నమ్మకం.

ఆ స్వరాలు నొక్కిన చేతి సంగతీ చెప్పాలి. పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో పనికి అదే చివరి రోజనగా, యంత్రం అయోమీ కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలను తెంచేసింది. ఎడమచేతి వాటం వాడు కనుక తీగలు నొక్కవలసింది ఆ చేతితోనే. మంటల్లో రెండు వేళ్లు దెబ్బతిన్నా గిటార్ వదలని జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డును ఫోర్‌మన్ తెచ్చి వినిపించాడు. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు మలచుకున్నాడు, వాటిపై తోలు అతికించాడు, గట్టి తీగలు నొక్కలేక సన్నవి వెతుక్కున్నాడు. తొలి ఆల్బమ్ దాదాపు మొత్తం ఒక్క రోజులో రికార్డయింది. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి, ఆ వేళ్లకు మరింత వెసులుబాటు దొరికేలా, కొన్ని పాటలకు తీగలను మూడు అర్ధస్వరాలు కిందికి దించి వదులు చేశాడు, నేటి మెటల్ గిటారిస్టులు ఎందరో అలాగే దించి వాయిస్తున్నారు.