జీతం చెప్పండి, లెక్క కూడా చెప్పండి

అందరికీ నమస్కారం అండీ. పక్క సీట్లో వాళ్ళ ఆరోగ్యం, ఇంటి గొడవలు, పిల్లల మార్కులు అన్నీ తెలుస్తాయి మనకి, జీతం ఒక్కటే తెలీదు. ఆఫర్ లెటర్‌లోనే కాన్ఫిడెన్షియల్ అని రాసేస్తారు, హైక్ వచ్చిన రోజు మేనేజర్ ఎవరికీ చెప్పకు అంటాడు, మనకే ఏదో ఎక్కువిచ్చారేమో అనుకుని మనమూ నోరు మెదపం.

దీనివల్ల ఎవరికి లాభమో లిల్లీ లెడ్‌బెటర్ గారి కథలో తెలుస్తుంది. అలబామాలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఆవిడ, దాదాపు 19 ఏళ్ళు చేశాక ఎవరో పేరు లేని చీటీ పెట్టారు, అందులో అదే పని చేసే మగవాళ్ళ జీతాలున్నాయి, అన్నీ ఆవిడకన్నా ఎక్కువే. కోర్టుకెళ్తే 2007లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆలస్యమైంది పొమ్మంది, ఆ జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చెయ్యాలట. దాచిపెట్టినదాన్ని 180 రోజుల్లో ఎలా కనిపెడతారండీ ఎవరైనా? 2009లో ఆవిడ పేరు మీదే చట్టం తెచ్చి ఆ లెక్క మార్చారు.

అలాగని అంకెలు బయటపెట్టేస్తే అందరూ హాయిగా ఉంటారని నేను అనను. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల జీతాలు 2008లో ఒక పత్రిక వెబ్‌సైట్‌లో పెట్టింది, ఆ సంగతి కొంతమంది ఉద్యోగులకి చెప్పి తర్వాత ఎలా ఉన్నారని ఆర్థికవేత్తలు అడిగారు. తోటివాళ్ళకన్నా తక్కువున్నవాళ్ళు నొచ్చుకున్నారు, వేరే ఉద్యోగం చూసుకుందాం అనుకున్నారు, ఎక్కువున్నవాళ్ళకి మాత్రం ఆనందం ఏమీ పెరగలేదు! ఇంకో పరిశోధనలో బాసుల జీతం అనుకున్నదానికన్నా ఎక్కువని తెలిసినవాళ్ళు ఇంకా కష్టపడ్డారు, సాటివాళ్ళకి ఎక్కువని తెలిస్తే పని తగ్గించారు.

నాకు అర్థమైంది ఏంటంటే, బాసుకి ఎందుకు ఎక్కువో మనకి కనిపిస్తుంది, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళొచ్చన్న ఆశ ఉంటుంది. పక్కవాడికి ఎందుకు ఎక్కువో ఎవరూ చెప్పరు, అప్పుడు కారణం మనమే ఊహించుకుంటాం, ఆ ఊహలు ఎప్పుడూ మంచిగా ఉండవు, నేను పనికిరానా అన్నదాకా పోతాయి. అందుకే అంకె ఒక్కటే విసిరేస్తే చాలదని నేను గట్టిగా అంటాను.

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నియమం నాకు నచ్చింది ఇందుకే. ఉద్యోగం ఇచ్చేముందే జీతం ఎంత నుంచి ఎంత వరకో చెప్పాలి, పాత జీతం అడక్కూడదు, జీతం ఏ ప్రాతిపదికన ఇస్తున్నారో ఉద్యోగులకి తెలియాలి. సభ్య దేశాలకి 2026 జూన్ దాకా గడువిచ్చారు.

అలాంటి చట్టం లేనిచోట కూడా అడగొచ్చండీ. నా పనికి బ్యాండ్ ఎంత, అంటే జీతం ఎంత నుంచి ఎంత వరకు, అందులో నేనెక్కడున్నా, పైకెళ్ళాలంటే ఏం చూస్తారు అని ఈసారి అప్రైజల్‌లో అడగండి, జవాబు మెయిల్‌లో పెట్టమనండి.