ఒకే ముక్కలో రెండు లోహాలు: మెటల్ త్రీడీ ప్రింటింగ్‌లో అసలు చిక్కు ఎక్కడ?

[తెర మీద: మండుతున్న రాకెట్ ఇంజిన్, ఆ వెంటనే దాని అడ్డుకోత బొమ్మ]

రాకెట్ ఇంజిన్‌లో ఇంధనం మండే చోట వేడి 3000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ గది లోపలి గోడను చాలా ఇంజిన్లలో రాగి మిశ్రమంతో చేస్తారు. రాగేమో 1085 డిగ్రీలకే కరుగుతుంది! మరి గోడ ఎలా నిలుస్తోంది? గోడ లోపల సన్నటి కాలువలుంటాయి, వాటిలో చల్లటి ఇంధనం పారుతుంటుంది. రాగి తనకు తగిలిన వేడిని తగిలినట్టే దానికి అప్పగించేస్తుంది.

అయితే రాగి మెత్తన. లోపలి ఒత్తిడిని ఆపడానికి బయట నికెల్ మిశ్రమం లాంటి గట్టి తొడుగు కావాలి. మొత్తం నికెల్‌తోనే చేసేద్దామంటే కుదరదు. వేడిని అవతలికి చేరవేయడంలో ఇన్‌కోనెల్ లాంటి నికెల్ మిశ్రమాల కన్నా రాగి ముప్పై రెట్లకు పైనే మెరుగు.

[తెర మీద: పొరలు పొరలుగా పెరుగుతున్న రాగి గోడ]

2015లో నాసా మార్షల్ కేంద్రంలో ఇలాంటి రాగి గోడను జీఆర్‌కాప్-84 అనే మిశ్రమం పొడితో ప్రింట్ చేశారు. 8,255 పొరలు, 10 రోజుల 18 గంటల పని. దాని మీద ఇన్‌కోనెల్ తొడుగు వేసే పని నాసాదే అయిన లాంగ్లీ కేంద్రానిది. అక్కడ ఎలక్ట్రాన్ కిరణంతో లోహపు తీగను కరిగించి పేర్చే పద్ధతి వాడారు. అంటే రెండు లోహాలకు రెండు వేర్వేరు మెషిన్లు.

ఒకే మెషిన్‌లో చేయలేమా? చేయొచ్చు. నాజిల్ నుంచి పొడిని నేరుగా కరిగిన లోహంలోకి ఊదే పద్ధతిలో రెండు డబ్బాల్లో రెండు పొడులు పెట్టి, పాళ్లు మారుస్తూ పోవచ్చు. కానీ ముక్క ఉపరితలం గరుకుగా వస్తుంది, తర్వాత మెషినింగ్, అంటే మెషిన్‌తో చెక్కి నునుపు చేయడం, తప్పదు. పొడిని పలచగా పరిచి లేజర్‌తో కరిగించే పద్ధతిలో నునుపు బాగుంటుంది, కానీ కరగకుండా మిగిలిన రెండు లోహాల పొడీ కలగాపులగం అవుతుంది. డెమో ముక్క ఎంత మెరిసినా, "మిగిలిన పొడిని ఏం చేస్తున్నారు?" అని అడగండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

[తెర మీద: టైటానియం, స్టీలు కలిసే సరిహద్దు, మైక్రోస్కోప్‌లో కనిపించినట్టు]

ఇక అసలు టెన్షన్ రెండు లోహాలు కలిసే గీత దగ్గర. వేడెక్కినప్పుడు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు టైటానియం కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అంతే ఎక్కువగా ముడుచుకుని పక్కదాన్ని లాగుతుంది. అంతకన్నా పెద్ద తంటా రసాయనికం. టైటానియం, ఇనుము కలిస్తే పెళుసు సమ్మేళనాలు పుడతాయి. ఆ లాగుడుకు అవి పుటుక్కున పగులుతాయి.

"ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా మారిస్తే పోలా?" అనిపిస్తుంది. చాలా జతలకు అది నిజమే. రాగి, నికెల్ ఏ పాళ్లలోనైనా కలిసిపోతాయి కాబట్టి అక్కడ మెల్లగా మార్చడం హాయి. టైటానియం, స్టీలు దగ్గర మాత్రం ఆ ఉపాయం బెడిసికొడుతుంది. మెల్లగా మార్చేకొద్దీ పెళుసు పొర ఇంకా మందమవుతుంది! నేరుగా దారి లేని ఊరికి చుట్టూ తిరిగి వెళ్లినట్టు, ఇక్కడ టైటానియం నుంచి వెనేడియం, అక్కడి నుంచి క్రోమియం, తర్వాత ఇనుము, ఆఖరికి స్టీలుకు చేరే దారిని పరిశోధకులు ప్రయత్నించారు. ఆ దారి గీయడానికి ఆధారం ఫేజ్ డయాగ్రమ్‌లు, అంటే ఏ పాళ్లలో, ఏ వేడిలో ఏ రూపం పుడుతుందో చూపే పటాలు. అందుకే నా మటుకు, ఈ రంగంలో కొత్త మెషిన్ కన్నా మంచి ఫేజ్ డయాగ్రమ్‌కే విలువెక్కువ.

[తెర మీద: మెరిసే రాగి మీద పడి వెనక్కి తుళ్లుతున్న లేజర్]

రాగితో ఇంకో పేచీ ఉంది. మామూలు ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌ను అది చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. అందుకే కొందరు ఆకుపచ్చ లేజర్ వాడతారు. రాగి దాన్ని బాగా పీల్చుకుంటుంది.

ప్రింట్ అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. లోపలి ఒత్తిళ్లు తగ్గించడానికి, బలం పెంచడానికి ముక్కను ఫర్నేస్‌లో పెడతారు. కానీ ఒక్కో మిశ్రమానికి ఒక్కో వేడి నప్పుతుంది. ఒకదానికి బలమిచ్చే వేడి రెండోదాన్ని మెత్తబరచవచ్చు. ముక్క ఒక్కటే, ఫర్నేస్ కూడా ఒక్కటే. కాబట్టి ఫర్నేస్‌లో ఎంత వేడి, ఎంతసేపు అన్నది డిజైన్ గీసే రోజునే తేల్చుకోవాలి.